నా మేళానికి నేనే కఫీల్

సాల్మియాలో రాత్రి పదకొండున్నర.
పద్నాలుగు దిష్‌దాషాలు ఇస్త్రీ కావాల.
అందరూ ఖైరాన్‌లో సముద్రం ఇంటికి పోయినారు,
ముసలి యుమ్మా, నేనూ తప్ప.
ఇస్త్రీపెట్టె ఉస్సుమంటాంది.
ఆ ఉస్సునే శ్రుతి పెట్టుకోని
మేళం కట్టడం మొదులుపెట్టినా.

మొదుట చిన్నగంగన్న. ఉరుము.
పుల్లతో రుద్దితే తోలు
ఈనే ఆవు మాదిరి మూలుగుతాది.
ఆయన సచ్చిపోయి మూడేండ్లాయె. ఒకందుకు అదే మేలు,
సచ్చిపోయినోడికి మెడికల్ లేదు,
ఏజెంటు కాళ్ళు పట్టుకునే పని లేదు,
చెన్నైకి రాత్రి బస్సు కూడా అక్కర్లా.

సన్నాయికి పుల్లంపేట నరసింహులు.
మంచోడని కాదు.
నా పెండ్లిలో తాళి కట్టే టయానికి
పీపీ నోట్లోంచి తీసి "కాఫీ యాడ?" అన్న మనిషి.
గట్టిమేళం, గట్టిమేళం అని అయ్యవారు అరుస్తాంటే
కాఫీ వచ్చిందాక ఊదలా.
నా మొగుని చేతులు ముడి మీద అట్లే ఆగిపోయినాయి.
నేను ఆయన్ని తీరిగ్గా చూసింది ఆ కాసేపే.
కానీ ఊదినప్పుడు...
వద్దులే, గుడ్డ కాలిపోతాది.

పక్కింటి ఆల్మాజ్, హబషా పిల్ల.
చెత్త పారేసే కాడ అర నిమిషం కలుస్తాం.
నాలుక ఆడించి ఇలిలిలి అనిందంటే
పిల్లులన్నీ డబ్బాలోంచి దుంకుతాయి.
మా ఇద్దరికీ కలిసిన అరబ్బీ మూడు మాటలు:
ఉల్లిగడ్డ, నీళ్ళు, తొందరగా.
మేళానికి సరిపోతాయి.

తాళం, తెల్లారుజామున కార్లు కడిగే రఫీకుల్‌ది.
బోర్లించిన బకెట్టు మీద మాత్రమే.
డ్రైవర్ ఖాదర్‌వలీ తబలా వచ్చన్నాడు. వద్దన్నా.
వాయించేటోడు చేతులు చూసుకోవాల,
ఆయన ఎప్పుడూ అద్దంలో చూస్తాంటాడు.

ఇంగ షరతులు.
ఈ మేళానికి నేనే కఫీల్.
పాస్‌పోర్టులు ఎవురివి వాళ్ళ జోబుల్లోనే.
శుక్రవారం సెలవు. జొరమొచ్చినా సెలవే.
ఫోను దిండు కింద దాచే పని లేదు.
ఊర్లో ఎవురన్నా పోతే అదే దినం టికెట్టు.
ఊర్లో ఎవురన్నా పోతే అదే దినం టికెట్టు.
రెండుసార్లు రాసినా, పొరపాటు కాదు.

పాటకు సుగుణ.
ఒకే విమానంలో వచ్చినాం.
ఆమె జహ్రాకు, నేను ఈడికి.
బాత్రూములో కొళాయి తిప్పి
నలభై సెకండ్లు పాడి పంపేది.
పాటలో సగం నీళ్ళ సప్పుడే.
ఒకసారి వేరుశనక్కాయ పీకేటప్పటి పాట ఎత్తుకునింది,
ఎవురో తలుపు కొట్టినారు.
మిగతాది రేపు, అనింది.

రంజాన్ పోయి బక్రీదు వచ్చింది.
ఫోన్ చేస్తే ఇంకెవురో ఒకామె
అరబ్బీలో శానా మర్యాదగా ఏందో చెప్పి పెట్టేస్తాది.
మైకు నిలబెట్టినా.
ఆ కుర్చీలో ఎవుర్నీ కూర్చోనియ్యను.

అప్పుడు చప్పట్లు ఇనపడినాయి.
యుమ్మా, గోడ పట్టుకోని గడప కాడికి వచ్చుండాది.
అంటే నేను పైకే పాడినట్టుండా.
కొడుకుల పేర్లు మర్చిపోయింది గానీ
ముత్యాల పడవలో వాళ్ళ నాయన కొట్టిన చప్పట్లు మరవలా:
రెండు దగ్గిర, ఒకటి దూరం, మళ్ళా ఒక సగం.
ఆ సగం నాకెంత లెక్కేసినా చిక్కలా.

"నాకెంత ఇస్తావ్?" అనింది.
"తొంభై దినార్లు." నా జీతం అదే.
"తక్కువ," అనింది, నవ్వకుండా.
నూరు చేసినా.

ఇంకా తొమ్మిది దిష్‌దాషాలు.
గంగన్న పుల్ల తడుపుకుంటాండాడు.
నరసింహులు పీపీ చేత్తో పట్టుకోని
నా దిక్కే చూస్తాండాడు.
సరేలే అని
పొయ్యి మీద పాలు పెట్టినా.